ఒంటిగంటకు కదిలే అంకె

"నా అంకెలేవి?"

వెబ్‌సైట్లు తయారుచేసే భర్త చెప్పులైనా విప్పకముందే, భార్య ఫోను తెచ్చి అతని మొహం ముందు పెట్టింది.

అది ఆమె కుట్టుపాఠాల పేజీ. తయారుచేసింది అతనే. నిన్నటిదాకా పైన 1,04,312 మంది చూశారని ఉండేది. ఇవాళ 'లక్ష+' అని మాత్రమే ఉంది.

"చదవడానికి హాయిగా ఉంటుందని కుదించాను. అంత పెద్ద అంకెని ఎవరు కూడబలుక్కుని చదువుతారు? ఆఫీసులో అన్ని పేజీలకీ ఇలాగే చేస్తాం."

"మిగతా నాలుగువేల మూడొందల పన్నెండు మందీ ఏమయ్యారు?"

"ఆ ప్లస్ గుర్తులో ఉన్నారు."

"అంతమందిని అందులో కుక్కారా? గుడ్డ చాలకపోయినా నేను చొక్కాని అంత బిగించి కుట్టను."

అతనికి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. అసలు సంగతి వేరే ఉంది. ఆ పేజీకి జనం రావడం మానేసి ఆరు నెలలైంది. ఆమె చూస్తే లెక్కలోకి రాకుండా మొదట్లోనే అతను ఏర్పాటు చేశాడు. ఇప్పుడు రోజుకి ఒక్కటే పెరుగుతోంది. ఆ ఒక్కరూ అతనే. మధ్యాహ్నం ఆఫీసులో భోజనానికి లేచినప్పుడు గుట్టుగా తెరిచి చూస్తాడు. ఇది తెలిస్తే ఆమె మనసు విరిగి పాఠాలు ఆపేస్తుందని భయం. మిషను ముందు కూర్చుని పాఠం చెప్పే భార్యంటే అతనికి ప్రాణం. లక్ష దగ్గర ఆపేస్తే ఎవరికీ ఏమీ తెలియదనుకున్నాడు.

"పాత అంకె పెట్టండి. లేకపోతే రేపటినుంచి పాఠాలు బంద్," అందామె.

ఇక దాచి లాభం లేదు.

"పెట్టినా రోజుకి ఒక్కటే కదా పెరిగేది. ఆ ఒక్కటీ నేనే. నీకు చెప్పలేకపోయాను."

ఆమె ఫోను బల్లమీద పెట్టింది.

"తెలుసు. మీరు ఇంట్లో ఉన్న రోజు అది కదలదుగా."

"తెలిసి కూడా ఈ గొడవేంటి మరి?"

"ఫోన్ చేస్తే పనిలో ఉన్నానంటారు. ఒంటిగంటకి ఆ అంకె కదిలితేనే మీరు భోజనానికి లేచారని నాకు తెలిసేది," అంది ఆమె. "ఇవాళ అది కదల్లేదు. నేనింకా తినలేదు."