పటంలో లేని మందుపాతర

"రేపా?" అంది ఆమె, గిన్నె మూత తీయబోతూ ఆగి.

"పొద్దున్నే విమానమమ్మా. బాగ్దాద్‌లో అమెరికావాళ్ల క్యాంపుకి కాపలా. మిలటరీలో చేసినోళ్లే కావాలంట."

"ఆడ యుద్ధం జరుగుతోంది గదా బాబూ. మీ కంపెనీ ముదీర్‌తో రానని చెప్పలేకపోయావా?"

"మేనేజరు బలవంతమేం లేదమ్మా. నా పేరు నేనే రాయించుకున్నాను."

ఆమె గిన్నె పక్కన పెట్టేసింది.

దుబాయ్ సత్వాలో మసీదు వెనక సందులో నీలం గేటు ఇల్లది. శుక్రవారం భోజనాలయ్యాక ఇంట్లోవాళ్లంతా పడుకుంటారు. ఆ రెండు గంటలే ఆమెకు తీరిక. అల్ కుసైస్‌లో వాచ్‌మన్‌గా పనిచేసే భీమరాజు బస్సెక్కి వస్తాడు. ఇద్దరూ పెరటి తలుపు మెట్టు మీద కూర్చుంటారు. ఆమె ఎప్పుడూ అతని కుడిపక్కనే కూర్చుంటుంది. ఎడమ చెవి వినిపించదని మొదటిరోజే చెప్పాడు.

ఆ మొదటిరోజు వచ్చి ఎనిమిది నెలలైంది. సైన్యంలో తనతోపాటు చేరి, తన పక్క మంచం మీద పడుకున్న ప్రభుదాస్ వాళ్లమ్మ పేరమ్మ దుబాయ్‌లో ఉందని, నీలం గేటు ఇంట్లో పనిచేస్తుందని భీమరాజుకి తెలుసు. ఎనిమిదేళ్లప్పుడు వదిలి వెళ్లిన తల్లి మొహం తనకే సరిగా గుర్తులేదనేవాడు ప్రభుదాస్. ఆమె రాయించిన ఉత్తరాలు మాత్రం పెట్టె అడుగున దాచుకునేవాడు. చెవి పోయి సైన్యం ఇంటికి పంపేశాక, ఏజెంటు దుబాయ్ అనగానే భీమరాజు మారుమాట్లాడకుండా బయల్దేరింది ఆ గేటు కోసమే.

పేరమ్మగారు కావాలని గేటు దగ్గర అడిగితే, 'ప' నోరు తిరగని ఇంటి యజమానురాలు, అరబ్బావిడ, లోపలికి తిరిగి "బేరమ్మా" అని కేకేసింది. ఈమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. భీమరాజు గభాల్న వంగి కాళ్లు పట్టుకున్నాడు.

"నేను ప్రభుదాస్ నేస్తాన్నమ్మా. వాడు పోయినప్పుడు పక్కనే ఉన్నాను."

ఆమె చాలాసేపు అతనికేసి చూసింది. "మొగోళ్లని లోపలికి రానివ్వరు బాబూ. ఎనకవైపు రా" అంది.

అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం ప్రభుదాస్ కబుర్లే. రాజస్థాన్ సరిహద్దులో గుడారాలు, రొట్టెల్లో పంటికింద పడే ఇసక, యుద్ధం ఇవాళో రేపో అంటూ గడిచిన పది నెలలు. పాటలు పాడి అందర్నీ ఏడిపించేవాడని చెబితే నవ్వేది. ఓసారి మాత్రం, "ఆళ్లమ్మంటే కోపంగా ఉండేవాడా?" అని అడిగింది. తన గురించే పరాయిదానిలా అడుగుతోందంటే ఆ కడుపులో ఎంత బాధ ఉండాలో అనుకున్నాడు భీమరాజు. ఎలా పోయాడని అడిగినప్పుడల్లా ఒకటే చెప్పేవాడు. అవతలివాళ్ల ఫిరంగి గుండు వచ్చి పడింది, నొప్పి కూడా తెలియకుండా పోయాడు అని.

"అమ్మా, నేనెందుకు పోతున్నానో చెప్పాలి" అన్నాడిప్పుడు. "ఇన్నాళ్లూ నీకు చెప్పింది అబద్ధం. అవతలివాళ్లు ఏ గుండూ వెయ్యలేదు. అసలు యుద్ధమే జరగలేదు."

ఆమె అతనికేసి తిరిగింది.

"జనవరిలో మాచేత సరిహద్దు పొడుగునా మందుపాతరలు పాతించారు. పాతిన ప్రతిదాన్నీ పటంలో గుర్తుపెట్టాలి. మంచుకి వేళ్లు కొంకర్లు పోయి పెన్సిలు నిలవలేదు. హవల్దార్ తొందరపెట్టాడు. ఒకటి వదిలేశాను. తరవాత రాద్దామనుకుని మర్చిపోయాను. ఏడాది చివర్లో యుద్ధం లేదు, పాతినవన్నీ తీసేయమన్నారు. ప్రభుదాస్ పటం చూసుకుంటూ ముందు నడిచాడు. 'ఇక్కడేం లేదురా, వచ్చెయ్' అని నాకేసి తిరిగాడు."

"అప్పుడేనా నీ చెవి..."

"అప్పుడే. వాడు వెంటనే పోలేదమ్మా. అరగంట ఉన్నాడు. అంతసేపూ నిన్నే పిలిచాడు."

ఆమె కొంగుతో మొహం కప్పుకుంది.

"గాలికి ఇసక జరిగి మందుపాతర కదిలిందని పైవాళ్లు రాసుకున్నారు. నేను నోరెత్తలేదు. వాణ్ణి చంపింది నేనేనమ్మా. అక్కడికెళ్తే ఏదో ఒకరోజు నాకూ అదే గతి పడుతుంది. అందుకే పోతున్నాను."

"ఎల్లకు నాయనా."

"నువ్వు క్షమించానంటే వెళ్లను. ఇంకెవరన్నా నాకు లెక్కలేదు. నువ్వనాలి."

ఆమె చెయ్యి అతని తల మీద పడింది. చన్నీళ్లలో నాని పగుళ్లిచ్చిన చెయ్యి. "క్షమించేశాను బాబూ. పిల్లోడివి. చలికి చేతులు పనిచెయ్యకపోతే నువ్వేం చేస్తావు? ఎల్లకు, ఇక్కడే ఉండు."

ప్రభుదాస్ పోయిన ఈ మూడేళ్లలో భీమరాజు ఏడ్చింది అప్పుడే. మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. కాస్త తేరుకున్నాక తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు.

"నామీద జాలికొద్దీ అంటున్నావేమో. నీ కొడుకు మీద ఒట్టేసి చెప్పమ్మా."

లోపల్నుంచి ఎవరో "బేరమ్మా" అని పిలిచినా ఆమె లేవలేదు. కాసేపటికి అతని తల మీద చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకుంది.

"ఏం, వెయ్యలేవా?" అన్నాడు భీమరాజు.

"మనిషి మారినా ఈళ్లు పిలుపు మార్చలేదు. పేరమ్మ చచ్చిపోయాకే బాబూ, నేనీ ఇంట్లో పనికి కుదిరింది."