కుబుసం పరీక్ష

పాము బెడద పడలేక కుందేళ్ళు బొరియలకు కాపలా పెట్టుకోవాలనుకున్నాయి. ఆ కొలువు కోసం తీతువు పిట్టా, ముంగిసా వచ్చాయి. ఎవరిని పెట్టుకోవాలో తేల్చడానికి ముసలి కుందేలు చెవులవ్వ, పాము విడిచిన కుబుసాన్ని పొద చాటునుంచి గడ్డిలోకి ఈడ్చింది.

తీతువు అడవి అదిరేలా అరిచింది. ముంగిస వాసన చూసి మళ్ళీ పడుకుంది.

"ఈ సోమరిపోతు మనకెందుకు? తీతువే నయం!" అన్నాయి కుందేళ్ళు.

"ముంగిసనే పెట్టుకుందాం," అంది చెవులవ్వ.

మర్నాడే నాగుపాము పిల్లలున్న బొరియలో తల పెట్టింది. తీతువు పైన చక్కర్లు కొడుతూ అరుస్తూనే ఉంది. ముంగిస ఒక్క దూకు దూకి పాము మెడ కొరికేసింది. పిల్లలు బయటికొచ్చి గంతులేశాయి.

"నిన్న కదలనిదాన్ని ఎలా నమ్మావవ్వా?" అని అడిగాయి కుందేళ్ళు.

చెవులవ్వ మీసం దువ్వింది. "ఒట్టి తోలుకు లేవలేదంటే, దానికి పామంటే ఏమిటో తెలుసన్నమాటేగా!"