సొరంగంలో సాంచా

“ఏందయ్యా, మూడోసారి గుడ చెయ్యి లేపితివా?” ఎమ్మారై స్కానింగ్ గది గుమ్మంలోంచి మంగ మొగుడి మీద అరిచింది.

మిషన్ సొరంగంలోంచి బయటికొచ్చిన బల్ల మీద ఆగయ్య నాలుక కరుచుకున్నాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకూ, ఎడమ కంటి వెనక్కూ పాకింది. కన్ను ముందుకొచ్చిందే గాని మనిషి వెనక్కి తగ్గే రకం కాదు. బొమ్మ స్పష్టంగా పడితేనే చూపు దక్కేలా రేడియేషన్ కరెంటు పెట్టగలమని డాక్టరు చెప్పాడు.

“కాకాకు భయం. మత్తిచ్చి తీయాలి, వచ్చే వారం రండి” అన్నాడు టెక్నీషియన్ హిందీలో.

“వారం దాకా కన్ను ఆగుతదా?” మంగ గుమ్మం దాటి లోపలికొచ్చింది.

“భయమెక్కడిదే? ముప్పై ఏండ్లు లింబాయత్‌ల బట్టల మిల్లుల నేత సాంచాలు నడిపిన. ఈ మిషన్ చప్పుడు గుడ నాకు జోలపాట! గని నడుమ చప్పుడు మారుతాంది. పోగు తెగిందనుకొని చెయ్యి దానంతటదే లేస్తాంది.”

మంగకు విషయం అర్థమైంది. “గిది నీ సాంచా గాదయ్యా, ఈ పిలగానిది. పోగు తెగితే ఆయనే కడ్తడు. నీకియ్యాల ఛుట్టీ!”

టెక్నీషియన్‌కు అదంతా హిందీలో చెప్పింది. అతను నవ్వి మళ్లీ మొదలుపెట్టాడు. చప్పుడు మారబోయే ముందల్లా మైకులో, “కాకా, పోగు నేను కడుతున్నా, పడుకోండి” అన్నాడు.

ఆగయ్య వేలు కూడా కదల్లేదు. బొమ్మలన్నీ శుభ్రంగా పడ్డాయి.

బయట బెంచీల మీదున్నవాళ్లు ఆరా తీశారు, “ఏమైంది, భయపడ్డాడా?”

“భయం గాదు!” మంగ అందరికీ వినపడేలా చెప్పింది. “మా ఆయన డ్యూటీ దిగలే, గంతే!”