మందు పడని సాలు

మండలంలోని మక్కజొన్న చేలన్నిటికీ ఇప్పుడు మనిషి లేని బండే వేరుపురుగు మందు వేస్తుంది. మందు బ్రహ్మాండంగా పనిచేసిందని ఏటా చెప్పేదీ అదే. ఈసారి కొమురవ్వ తన చేనులో ఒక సాలు మొదట్లో మంచం వాల్చుకుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. మనిషి అడ్డముంటే బండి కదలదు.

"దయచేసి తప్పుకోండి. మందు పడకపోతే ఈ సాలులో పురుగు వేళ్లన్నీ కొరికేస్తుంది," అంది బండి.

"కొరకనియ్యి. ఈ ఒక్క సాలు ఉత్తగ ఉంటెనే గద, నీ మందు పనిజేసిందో లేదో నాకు ఎరుకయ్యేది!"

"మందు వేయని సాలుకు అనుమతి లేదు."

"నా భూమిల నీ అనుమతేంది?"

బండి మళ్లీ "దయచేసి" అని మొదలుపెట్టింది. కొమురవ్వ ఇంకో చిక్కుడుకాయ అందుకుంది.

అంతలో పక్కచేను గట్టు మీంచి కేక వినబడింది.

"అక్కా! నేను గూడ మంచం తెచ్చిన. ఏ సాలుకు ఎయ్యాలె?"