మొదటి ముక్క

తైనా చేసినవి ఒక్కటి కూడా పగల్లేదు. జుల్మీరాకి అందుకే ఒళ్ళు మండింది.

పొద్దున్నుంచీ ముగ్గురూ వంటింట్లోనే ఉన్నారు. వేయించిన వేరుశనగపప్పు పొట్టు ఊదేసి, బరకగా దంచి, కోకో పొడీ తియ్యటి డబ్బాపాలూ పోసి కలిపితే చాలు. పొయ్యి వెలిగించే పని లేదు. చేతికి వెన్న రాసుకుని ఆ ముద్దను బుల్లి జీడిమామిడి పండ్లలా మలచాలి. పంచదారలో దొర్లించాలి. కొసన గింజలా ఒక పప్పు గుచ్చాలి. ఈ కజుజీన్యులు లేకుండా ఆ వీధిలో ఎవరి పుట్టినరోజూ జరగదు. ఇవాళ అమ్మ పుట్టినరోజు.

జుల్మీరా చేసినవి వంకర తిరిగాయి. కొన్నింటికి పప్పు పక్కకి వాలిపోయింది. తైనావి మాత్రం కాగితపు గిన్నెల్లో అచ్చు పోసినట్టు కూర్చున్నాయి.

"దీని చేతిలో ఏదో ఉంది," అంటూ అమ్మ తైనా బుగ్గ గిల్లింది.

బుగ్గ తైనాది. నొప్పి జుల్మీరాకి పుట్టింది.

అమ్మ అన్నీ తైనాకే ఇస్తుంది. కత్తి తైనాకి. అగ్గిపెట్టె తైనాకి. కొట్టుకి వెళ్ళిరమ్మని చెప్పేదీ తైనాకే. జుల్మీరాని ఒంటరిగా గుమ్మం కూడా దాటనివ్వదు. వీధి తలుపు తాళంచెవి మెడలో వేసుకుని తిరుగుతుంది. ఈ పిల్ల రాకముందు అమ్మ తనొక్కదానిదే. ఆ సంగతి జుల్మీరాకి బాగా తెలుసు.

అమ్మ కేకు చూడ్డానికి అటు తిరగ్గానే తైనా గొంతు తగ్గించింది.

"మొదటి ముక్క నాకే. పోయినేడూ నాకే ఇచ్చింది."

పుట్టినరోజు కేకులో మొదటి ముక్క ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వరు. అందరికన్నా ఇష్టమైన మనిషికి, అందరూ చూస్తుండగా ఇస్తారు. ఆ తర్వాత ఇక వాదించడానికేమీ ఉండదు.

పోయినేడు ఏం జరిగిందో జుల్మీరాకి గుర్తు లేదు. గుర్తు లేనందుకు ఇంకా ఉడుకెత్తింది. చెయ్యి చాపి, తైనా పళ్ళెంలో అన్నింటికన్నా అందమైనదాన్ని బొటనవేలితో అణిచేసింది.

"అమ్మా, చూడు ఏం చేసిందో. నేనింక చెయ్యను పో."

"నువ్వైనా సర్దుకోవే."

"ఎప్పుడూ నేనేనా సర్దుకునేది? నువ్వు తననే వెనకేసుకొస్తావు."

అబద్ధాలకోరు, అనుకుంది జుల్మీరా.

అమ్మ తిట్టలేదు. తడిగుడ్డ తెచ్చి జుల్మీరా వేళ్ళు ఒక్కొక్కటే తుడిచింది. తుడుస్తుంటే జుల్మీరా జేబులోంచి తైనా చేసినవే ఇంకో రెండు జారిపడ్డాయి. అమ్మకి నవ్వొచ్చింది. తైనాకి రాలేదు.

"ఏంటమ్మా ఇది, ఇవాళ కూడానా?"

జుల్మీరా ఉండబట్టలేక అడిగేసింది, మొదటి ముక్క ఎవరికని. అమ్మ దువ్వెన అందుకుంది. ముందు తల దువ్వనివ్వమంది. జడ వేసి, కొసన నీలం రిబ్బను కట్టి, కొత్త గౌను తొడిగింది.

సాయంత్రం వీధి వీధంతా వచ్చింది. చప్పట్లు కొడుతూ పాడారు. అమ్మ కొవ్వొత్తి ఊదింది. మొదటి ముక్క ఎవరికో చెప్పమని అంతా గోల చేశారు. తైనా అప్పటికే ముందుకొచ్చి నిలబడింది. జుల్మీరా కుర్చీలో కూర్చుని గౌను అంచు నలుపుతోంది. అటు చూడకూడదనుకుంది. చూస్తూనే ఉంది.

అమ్మ ముక్క కోసింది. దాని పక్కన ఒక కజుజీన్యు పెట్టింది. వంకరది, పప్పు వాలిపోయినది. తైనాని దాటుకుంటూ వచ్చి, జుల్మీరా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టింది.

"నాకేనా అమ్మా?"

"నీకే."

జుల్మీరా తైనా వైపు తిరిగి నాలుక బయటపెట్టి వెక్కిరించింది.

అమ్మ లేచి కళ్ళు తుడుచుకుని, అందరికీ వినబడేలా చెప్పింది: "ఈసారి మొదటి ముక్క, నన్ను కన్న మా అమ్మకి."