తప్పు చదివితే

"పిల్లగాడు తప్పు సదివితే ఏం జేస్తరు సారూ?"

కౌంటర్ దగ్గర నిలబడ్డ పెద్దావిడ ప్రశ్నకు మేనేజర్ నవ్వాడు.

"కంప్యూటరే సరిదిద్దుతదమ్మా."

"ఎట్ల సరిదిద్దుతది?"

"అదంతా మేం చూసుకుంటం. మీరు పరేషాన్ కావద్దు."

వనపర్తిలో కొత్తగా తెరిచిన రీడింగ్ సెంటర్ అది. చల్లటి గది, గోడల నిండా రంగుల బొమ్మలు. వంతు కోసం కూర్చున్న మెహజబీన్‌కు ఆ ప్రశ్నలు విసుగు తెప్పించాయి.

ఆమె బిజినేపల్లి నుంచి కూతురు ఉమేరాను వెంటబెట్టుకొని వచ్చింది. ఉమేరా నాలుగో తరగతి. నోటి లెక్కలు టకటకా చెప్పేస్తుంది గానీ, పుస్తకం తెరిస్తే అక్షరాలు కలగాపులగమైపోతాయి.

"తెలివికేం లోటు లేదు. దీన్ని డిస్లెక్సియా అంటారు. అక్షరం, దాని శబ్దం ఒక్కొక్కటే వరుసగా నేర్పేవాళ్లను చూడండి" అని డాక్టరమ్మ చెప్పింది.

పెద్దావిడ వచ్చి పక్కన కూర్చుంది. పేరు జంగమ్మట. తమ్ముడి మనవడి కోసం కనుక్కుందామని వచ్చిందట.

"ఈడ వద్దు బిడ్డా," మెల్లగా అంది. "బొమ్మ జూపిచ్చి మాట గుర్తువట్టిస్తున్రు. అది సదువుడు గాదు. నాగర్‌కర్నూల్ల రామచంద్రయ్య సారున్నడు. ఒక్కో అక్షరం సప్పుడు పట్టుకొని నేర్పుతడు. ఆలస్యమైతది గని, నిలుస్తది."

"మీరు టీచరా?"

"కాదు బిడ్డా."

"మరి మీకెట్ల తెల్సు?"

జంగమ్మ జవాబిచ్చేలోపే మెహజబీన్ మళ్లీ అంది.

"పిల్లల్ని తోలుకపోతే ఆ సారు మీకేమన్న ఇస్తడా?"

జంగమ్మ ముఖం చిన్నబోయింది. ఉమేరా తల నిమిరి వెళ్లిపోయింది.

మెహజబీన్ కూతుర్ని అక్కడే చేర్పించింది.

సెంటర్ వాళ్లిచ్చిన ట్యాబ్‌లో చూసి ఉమేరా తొందరగానే మాటలు చెప్పసాగింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు.

ఒకరోజు ఎందుకో అనుమానం వచ్చి, మెహజబీన్ తెర మీది బొమ్మను అరచేత్తో మూసింది.

"ఇప్పుడు సదువు."

ఉమేరా అమ్మ చెయ్యి పక్కకు జరపబోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకు రాదమ్మీ. నేను మొద్దును."

ఆ మాట మెహజబీన్‌ను రెండు రోజులు అన్నం తిననివ్వలేదు. మూడోనాడు నాగర్‌కర్నూల్ బస్సెక్కింది.

రామచంద్రయ్య రిటైరైన టీచరు. ఇంటి ముందు గదిలోనే పాఠాలు. పళ్లెంలో రవ్వ పోసి, అక్షరాన్ని వేలితో రాయిస్తూ దాని శబ్దం పలికించేవాడు. తప్పు పోతే కోప్పడడు. ఒక మెట్టు కిందికి దిగి మళ్లీ మొదలుపెడతాడు. అది కుదురుకున్నాకే గుణింతం, ఆ తర్వాతే ఒత్తులు.

చాలా నెలలు పట్టింది.

ఒక సాయంత్రం పాఠమయ్యాక బస్టాండులో, ఎదురుగా ఆగిన బస్సు బోర్డును చూస్తూ ఉమేరా పెదవులు కదిలించింది.

"కొ... ల్లా... పూర్. అమ్మీ, కొల్లాపూర్!"

మెహజబీన్ తమ బస్సు వదిలేసి, పిల్ల చెయ్యి పట్టుకొని సారు ఇంటికి వెనక్కి నడిచింది. సిగ్గుతో ఇన్నాళ్లూ దాచిన సంగతి గుమ్మంలోనే చెప్పేసింది.

"సార్, మీ గురించి నాకు జంగమ్మ అని ఒకామె చెప్పింది. ఆ రోజు నోటికొచ్చినట్లు అన్న. యాడుంటదో చెప్పుండ్రి, పోయి మాఫీ అడుగుత."

రామచంద్రయ్య కళ్లద్దాలు తీశాడు.

"పోయిన వానకాలంల జరమొచ్చి చనిపోయిందమ్మా."

"మీకు చుట్టమా సార్?"

"కాదు. యాభై ఏండ్లు దాటినంక సదువు నేర్చుకుంటనని వచ్చింది. ఉమేరాకున్నదే ఆమెకూ ఉండె. అదేందో అప్పుడు నాకూ తెల్వదు" అన్నాడాయన. "ఆమె తడబడ్డ కాడల్లా ఒక చిన్న మెట్టు వేసుకుంట పోయినం, గట్ల ఆమెతోని కలిసి తయారు చేసినవే ఈ పాఠాలన్నీ."