సందేహాలుంటే అడగండి

“సందేహాలుంటే అడగండి. మొహమాటపడకండి,” అంది శిక్షకురాలు మూడోసారి.

హాల్లో ఫ్యాను తప్ప ఎవరూ నోరు విప్పలేదు.

పేదపిల్లలకి సాయంత్రాలు ఉచితంగా చదువు చెప్పే వాలంటీర్లని తయారుచెయ్యడం ఆవిడ ఉద్యోగం. పోయినసారి ఒకాయన, “పిల్లాడు ఏడిస్తే ఏం చెయ్యాలండీ?” అని అడిగిన పాపానికి, “మధ్యలో అడ్డు రాకండి” అని కసిరింది. దాంతో అందరూ బుద్ధిగా నోళ్ళు మూసుకున్నారు. వారం తిరక్కుండా అంతే బుద్ధిగా మానేశారు కూడా.

“ఈసారి మనుషుల్ని నేనే పట్టుకొస్తా. వాళ్ళు కూడా నోరు విప్పలేదో, సెంటర్‌కి తాళం, మనిద్దరికీ ఉద్వాసన,” అన్నాడు అప్పుడే సెంటర్ మేనేజరు.

అందుకే ఆవిడ ఆడపడుచుని బతిమాలి తెచ్చి జనంలో కూర్చోబెట్టింది.

“ఇంట్లో నోరెత్తనివ్వవు, అక్కడ అడగమంటావు. బాగుంది వదినా!” అని దెప్పింది ఆడపడుచు.

“చచ్చి నీ కడుపున పుడతా. ఒక్క ప్రశ్న అడుగు. అక్కడ మాత్రం మేడమ్ అను.”

ఇప్పుడు వదినగారు కళ్ళతో సైగ చేసింది. ఆడపడుచు లేచింది.

“వది... మేడమ్! పిల్లలు నాకు తెలియనిది అడిగితే? పరువు పోదూ?”

“చాలా మంచి ప్రశ్న!” అంది శిక్షకురాలు, ఆ పిల్లతో ఏనాడూ అనని మాట.

అప్పుడే మేనేజరు, సెంటర్‌కి డబ్బిచ్చే ట్రస్టు పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చి, వెనక కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

అంతే, గట్టు తెగింది. పిల్లలు మాట వినకపోతే ఎలా అన్నాడు బట్టతలాయన. లెక్కలంటే తనకే భయమంది కుట్టుపనావిడ. ఒకరు కూర్చోకముందే ఇంకొకరు లేచారు. శిక్షకురాలికి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. అడిగించే నేర్పుండాలి గానీ సందేహాలకేం కరువని మురిసిపోయింది.

ట్రస్టు పెద్దాయన చప్పట్లు కొట్టాడు. సెంటర్ ఇంకో ఏడాది నడుస్తుందని మాటిచ్చాడు. ఆయన్ని కారెక్కించడానికి మేనేజరు వంగి వంగి వెళ్ళాడు.

“కాస్త ఆగండి,” అంది శిక్షకురాలు, సంచులు తగిలించుకుంటున్న వాలంటీర్లతో. “రేపు పిల్లలొస్తారు. ఎవరికి ఏ పిల్లలో చెప్పేస్తాను.”

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

“పిల్లలేంటమ్మా?” అన్నాడు బట్టతలాయన.

కుట్టుపనావిడ అందుకుంది: “మేనేజరుగారు డబ్బులిచ్చి మమ్మల్ని తెచ్చింది ప్రశ్నలడగడానికే!”